పెరటిలో నీఁతకొలను

పిల్లలు కాలువలో నీఁదుట మాకు భయమగుటచే, మేమే మేస్త్రిని గుదుర్చుకొని పెరటిలో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోఁతుగల కొలనును గట్టించితిమి. అంచులదాఁక నింపిన సుమారు 22,600 లీటర్లు పట్టును. కాంక్రీటును తడుపుట నాలుగుదినములు చాలునని మేస్త్రి యనెను. మేము 14 దినములు తడిపితిమి. చుట్టును గడియగల కంచె వేసిన పిదపనే నీరు నింపితిమి. పసివారికి జానెడు నీరును ప్రమాదమే. మెట్టుపై నీటిబొక్కెన నుంచి, దానికిని కొలనుకును మట్టపుగీఁతలు గీసితిమి. బొక్కెనలోకంటె కొలనులో నెక్కువ తగ్గినచో నెక్కడనో కారుచున్నదని యర్థము.

మాది డెల్టాభూమి, వానలలో మూఁడడుగులకే నీరూరును. శ్రావణమున మేస్త్రి నీరంతయుఁ దోడి రంగు వేయుదమనెను. ఒట్టి తొట్టిని క్రింది యూటనీరు పడవవలెఁ బైకెత్తి పగులఁగొట్టఁగలదు. లోని నీటిబరువే దానిని బట్టియుంచును. వలదంటిమి. "అయ్యగారితో మాటాడెదను లెండమ్మా" యని యతఁడు వీధియరుగుపైఁ గూర్చుండెను. మావారు బడినుండి వచ్చి, "కొలనుపని అమ్మగారిది; నన్నడిగెదవేల?" యనిరి. రంగుపని వేసవికిఁ బోయెను.