ఇంక్యుబేటరులో బాతుగుడ్డు

బాతు నీటిని నమ్ముకొన్న పక్షి. పలనాడు మెట్టసీమ. కృష్ణా, గోదావరి డెల్టాలలోను, నెల్లూరు మాగాణులలోను కోత కోసిన చేలలో బాతుల మందలను మేపుట ఎప్పటినుండియో ఉన్న వాడుక. పలనాటికి 1967లో నాగార్జునసాగరు కుడికాలువ నీరు వదలిన పిమ్మట ఇక్కడను వరిచేలు విస్తరించినవి. కాలువ దరిని పెరటిలో నాలుగు బాతులను పెంచుకొనువారు వాని గుడ్లను ఇంటనే పొదిగింపగోరుట సహజము. చిన్న ఇంక్యుబేటరును థర్మాకోలు పెట్టెతో ఇంట చేసికొనవచ్చును. కాని నెలరోజులు కాచుకొనిన పిమ్మట, పిల్ల పూర్తిగా ఎదిగియు పెంకులోనే చనిపోయి కనబడుట కలదు. దిష్టి తగిలినదనియో, గుడ్డు మంచిది కాదనియో అనుకొందురు. పెక్కుపట్ల అసలు కారణము మన ఊరి గాలిలో ఉన్నది.

కోడిగుడ్డు 21 రోజులలో పిల్ల అగును. బాతుగుడ్డుకు 28 రోజులు, మస్కోవీ జాతి గుడ్డుకు 35 రోజులు పట్టును. గుడ్లకై పెంచు బాతులు తరచు పొదుగునకు కూర్చుండవు. అందుచే పల్లెలలో వాని గుడ్లను కోడిపెట్ట క్రింద వేయుదురు. తన గూటిలో పొదుగు బాతు మేతకై లేచి, నీట దిగి, తడి ఈకలతో తిరిగివచ్చును. కోడికి ఆ అలవాటు లేదు. కనుకనే కోడి క్రింద వేసిన బాతుగుడ్లపై నీళ్ళు చిలుకరింపవలెనని అందురు. ఈ చిలుకరింపులోని శాస్త్రమేమో చూతము.

గుడ్డుపెంకు గట్టిగా కనబడినను దానియందు వేలకొలది సూక్ష్మరంధ్రములు కలవు. వానిగుండ పిండము ప్రాణవాయువును గ్రహించి, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ దారినే గుడ్డులోని నీరు ఆవిరియై వెలికి పోవును. పోయిన నీటి చోటున గాలి చేరి, గుడ్డు వెడల్పు కొనయందు గాలిగది పెరుగును. పిల్ల పెంకును పగులగొట్టుటకు ముందు ముక్కును ఈ గదిలోనికి దూర్చి మొదటి ఊపిరి తీయును. నీరు చాలినంత పోనిచో గది ఇరుకై పిల్లకు ఊపిరి అందదు. మితిమీరి పోయినచో లోపలి పొర ఎండి పిల్లకు అంటుకొనును. అది తిరుగలేక చనిపోవును. కాబట్టి నీరు పోవలెను, లెక్కగా పోవలెను. 25 రోజులలో గుడ్డు తన తూకమున నూటికి సుమారు 13 వంతులు తగ్గుట మేలు.

ఇందుకు ఇంక్యుబేటరులో వేడి 37.5 డిగ్రీలు, తేమ నూటికి 55 వంతులు ఉండవలెను. 37.5 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి అత్యధికముగా 45 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకొనగలదు. అందు 55 వంతులనగా దాదాపు 25 గ్రాములు. వైశాఖమాసపు మధ్యాహ్నము గాలి 42 డిగ్రీల వేడితో, నూటికి 20 వంతుల తేమతో ఉన్నదనుకొందము. ఆ గాలియందు ఉన్నది 11 గ్రాముల ఆవిరి మాత్రమే. ఇక పుష్యమాసపు ఉదయము చేలపై మంచు కురియుచుండును. 18 డిగ్రీల వద్ద తేమ 80 వంతులు ఉండవచ్చును. ఆ గాలిలో తేమ పుష్కలమని తోచును. లెక్క కట్టిన 12 గ్రాములే! చల్లని గాలి కొద్ది ఆవిరితోనే నిండిపోవును. దానిని పెట్టెలోనికి తీసికొని వేడిచేసినచో అదియు ఎండగాలివలె పొడిగాలి అగును. వానకాలమున 27 డిగ్రీల వద్ద 85 వంతుల తేమగల గాలిలో సుమారు 22 గ్రాములుండును. కనుక వానలు పడు నెలలే పనికి అనుకూలము. తక్కిన కాలమున కొరతను పెట్టెలో ఉంచిన నీళ్ళపళ్ళెము తీర్చవలెను. పళ్ళెపు లోతుకంటె వెడల్పు ముఖ్యము; ఆవిరి పైతలమునుండియే లేచును.

తేమను కొలుచుటకు రెండు థర్మామీటర్లు చాలును. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, ఫ్యాను గాలి తగులుచోట ఉంచవలెను. పొడిది 37.5 చూపునపుడు తడిది 29, 30 డిగ్రీల మధ్య నిలిచినచో తేమ సరిపోయినట్లే. తేమ నిలుచునని గాలిరంధ్రములను మాత్రము మూయరాదు. పిండమునకు ఊపిరి ఆడదు.

అంతకంటె నమ్మదగిన సాక్షి త్రాసు. 70 గ్రాముల గుడ్లు పదింటిని కలిపి తూచిన 700 గ్రాములగును. ఏడవ రోజున అది దాదాపు 675, పదునాలుగవ రోజున 649, ఇరువదియొకటవ రోజున 624 గ్రాములుండవలెను. ఇంతకంటె త్వరగా తగ్గుచున్నచో పళ్ళెమును పెద్దది చేయవలెను. మెల్లగా తగ్గుచున్నచో చిన్నది చేయవలెను. ఏడవ రోజున దీపపు వెలుగున చూచి, రక్తనాళములు కనబడని గుడ్లను తీసివేసినచో, మిగిలినవాని సగటును లెక్కింపవలెను.

పలనాటి ఎండ మరియొక చిక్కు తెచ్చును. పిండము 24 డిగ్రీలు దాటిన వేడిలో మెల్లగా ఎదుగనారంభించును. రెంటచింతలవంటి చోట్ల వేసవిలో గుడ్లను గదిలో వారము రోజులు నిలువ చేసినచో, పెట్టెలో పెట్టకమునుపే పిండము సగము ఎదిగీ ఎదుగక నశించును. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో గుడ్లనుంచి, మూడు రోజులలోపున పెట్టెలో పెట్టుట మంచిది. పొడిగాలి ఇక్కడ మనకు మేలు చేయును: నీరు త్వరగా ఆవిరియై కుండను చల్లబరచును.

రెండవ పక్షమున పిండము తానును వేడి పుట్టించును. గది 42 డిగ్రీలున్నపుడు దీపము ఆరినను పెట్టె చల్లబడదు. అప్పుడు గుడ్లపై గోరువెచ్చని నీటిని సన్నగా చిలుకరించి కొంతసేపు తెరచియుంచినచో, ఆవిరి వేడిని తీసికొనిపోవును. చలికాలమున కరెంటు పోయినచో వేడినీళ్ళ సీసాలు పెట్టెను కాపాడును. ఎల్‌ఈడీ దీపము వేడి చాలనంత ఇచ్చును కనుక తీగదీపమునే వాడవలెను.

పిండము పెంకుకు అంటకుండ గుడ్లను రోజుకు మూడు నాలుగు మారులు త్రిప్పవలెను. 25వ రోజున త్రిప్పుట మాని, తేమను 70 వంతులు దాటించి, తడి థర్మామీటరు 33 చూపునట్లు చేయవలెను. అటుపిమ్మట మూత తీయరాదు. పెంకుపై చిన్న బీట కనబడిన పిమ్మట పిల్ల వెలికివచ్చుటకు ఒక రోజుకు పైగా పట్టవచ్చును. ఆత్రముతో పెంకు ఒలిచినచో రక్తనాళములు తెగును. చేయవలసిన లెక్కలన్నియు అంతకు మునుపే ముగిసినవి. మిగిలిన పని పిల్లది.