మూడంగుళాల పిల్ల, నాలుగడుగుల చేప

తిరుపతి, చిత్తూరు వాళ్లకు రంగుచేపల పెద్ద బజారంటే మద్రాసు కొళత్తూరే. అక్కడ ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పొద్దున బయల్దేరిన పిల్లలు మధ్యాహ్నానికల్లా మన అంగళ్ల తొట్లలో ఈదుతుంటాయి. వాటిలో మీసాలున్న రెండు రకాలు కొనేవాళ్లను ఇట్టే పట్టేస్తాయి. మొదటిది సక్కర్. అద్దానికి మూతి అంటించి పాచి గీకుతుంది కాబట్టి "తొట్టి అదే కడుగుతుంది" అని అమ్ముతారు. రెండోది రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్: నల్లటి వీపు, తెల్లటి పక్కలు, ఎర్రటి తోక. కుర్రాళ్లు దాన్ని ముద్దుగా ఆర్టీసీ అంటారు; పరిమాణం విషయంలో ఆ పేరు మరీ అబద్ధం కాదు. రెండూ దక్షిణ అమెరికా చేపలే, అమెజాన్, ఒరినోకో వైపువి. తెచ్చిన కొన్నాళ్లకు ఇంటింటా పుట్టే ప్రశ్నలు కూడా దాదాపు ఒక్కటే.

తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందట కదా?

ఈ మాట అంగడిలోనూ వినిపిస్తుంది, తెలిసినవాళ్ల నోటా వినిపిస్తుంది. తప్పు. ఇరుకు తొట్టిలో చేప పెరుగుదల మందగిస్తుంది, నిజమే. కానీ అది చేప సర్దుకుపోవడం కాదు, జబ్బు పడటం. తన మలినమే తన చుట్టూ పేరుకుని, తిరగడానికి చోటు లేక, వెన్ను వంగి, బతకాల్సిన ఏళ్లలో సగం కూడా బతకదు.

రెడ్‌టెయిల్ పెద్దదైతే నాలుగడుగులు దాటుతుంది, 50 కిలోల దాకా తూగుతుంది. బాగా మేపితే మొదటి ఏడాదిలోనే అడుగున్నర అవుతుంది. మన ఇళ్లలో మామూలుగా కనిపించే తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండుగా పోస్తే 127 లీటర్లు. అడుగున్నర చేప అడుగు వెడల్పులో ఎలా వెనక్కి తిరుగుతుంది? పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతున్న సిమెంటు తొట్టి పెరట్లో కట్టించి, పైన నీడ వేయగలిగినవాళ్లు రెడ్‌టెయిల్ గురించి ఆలోచించవచ్చు. ఇంటి అక్వేరియం చేప కాదది. ఈ మాట మొదటే చెప్పడం మేలు.

సక్కర్ సంగతి కొంత నయం. అదీ అడుగున్నర దాకా పెరుగుతుంది, పదేళ్లు దాటి బతుకుతుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టిలో దాన్ని మర్యాదగా పెంచవచ్చు. అయితే ఆ తొట్టిలో నీళ్లే 680 కిలోలు, అద్దం, స్టాండు బరువు వేరు. మిద్దె మీద గది నడుమ కాకుండా, కింద దూలం ఉన్న గోడ వారగా పెట్టండి. అద్దెయింట్లో అయితే ఇంటి ఓనరును ముందే అడగడం ఇంకా మంచిది.

నీళ్లు తేటగానే ఉన్నాయి, చేప ఎందుకు డీలా పడింది?

కంటికి కనపడని అమ్మోనియా వల్ల. చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా బయటికి పోతుంది. ఒక చిన్న లెక్క వేసుకుందాం. 40 శాతం మాంసకృత్తులున్న మేత 10 గ్రాములు వేశారు. అందులో మాంసకృత్తులు 4 గ్రాములు, వాటిలో నత్రజని సుమారు 640 మిల్లీగ్రాములు. సగం అమ్మోనియాగా వచ్చిందనుకున్నా, 320 లీటర్ల తొట్టిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చేరినట్టే. అదీ ఒక్క పూట మేతకు.

ఇక్కడ మన నీళ్ల గుణం కూడా తోడవుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి సున్నం పట్టడం మీరు చూసే ఉంటారు. అలాంటి నీళ్ల పీహెచ్ తరచుగా 8 దగ్గర ఉంటుంది. నీటిలోని అమ్మోనియా అంతా విషం కాదు, కొంత భాగమే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉంటే ఆ భాగం అర శాతం పైచిలుకు. పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలు అయితే ఏడున్నర శాతం. అంటే అదే చేప, అదే మేత, విషం మాత్రం పదమూడు రెట్లు. మెత్తటి నీళ్లున్న ఊళ్లో చెల్లిపోయే అశ్రద్ధ ఇక్కడ ఎందుకు చెల్లదో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి విరుగుడు ఫిల్టరులో కాపురముండే బాక్టీరియా. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో జాతి దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అవి నిలదొక్కుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. కాబట్టి తొట్టి, చేప ఒకేరోజు ఇంటికి రాకూడదు. ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద రుద్ది తళతళలాడించకూడదు. మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. ఇక నైట్రేట్ పోవాలంటే వారానికి మూడో వంతు నీళ్లు మార్చాల్సిందే, దగ్గరదారి లేదు. బోరు నీళ్లయితే డ్రమ్ములో పట్టి ఒక రాత్రంతా గాలి బుడగలు కొట్టించి పోయండి. కొళాయి నీళ్లకు క్లోరిన్ విరిచే మందు కొన్ని చుక్కలు కలపండి. నీటి కరువు రోజుల్లో ఇదంతా వృథా అనిపిస్తే, తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయండి. నైట్రేట్ చెట్టుకు ఎరువే.

పీహెచ్ దించుతామని సీసాల్లో అమ్మే మందులు మాత్రం కొనకండి. గట్టి నీళ్లలో పీహెచ్ ఇవాళ దిగి రేపు మళ్లీ ఎక్కుతుంది. ఆ ఊగిసలాట చేపకు 8 కంటే కీడు. సక్కర్‌లాంటివి గట్టి నీళ్లకు బాగానే అలవాటు పడతాయి.

ఎండాకాలం ఎలా?

నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన, 35 దగ్గర 7 లోపు. చేపకేమో వేడిలో ఆకలీ, ఆయాసమూ పెరుగుతాయి. మే నెలలో తిరుపతి ఎండ 42 దాటినప్పుడు మిద్దె పైగదిలోని తొట్టి సులువుగా 34కు చేరుతుంది. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై పోయే నీళ్లతో రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. మూత తీసి ఫ్యాను పెట్టేవాళ్లు పైన వల బిగించండి, ఇవి ఎగిరి కింద పడే చేపలు. ఆ రోజుల్లో మేత సగానికి తగ్గించండి. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ప్రాణం నిలుపుతుంది. నాలుగైదు గంటలు ఆగిపోయిన డబ్బా ఫిల్టరును అలాగే మళ్లీ ఆన్ చేయొద్దు, లోపల కుళ్లిన నీళ్లు తొట్టిలోకొస్తాయి. ముందు వాటిని పారబోయండి.

సక్కర్ అప్పుడప్పుడూ పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి దిగిపోతే కంగారు పడకండి. దాని పొట్టే ఊపిరితిత్తిలా కూడా పనిచేస్తుంది. అస్తమానం పైనే వేలాడుతుంటే మాత్రం నీళ్లు చెడ్డట్టే.

ఏం పెట్టాలి?

తొట్టి కడిగే చేప అన్న మాట నమ్మి సక్కర్‌కు ఏమీ వేయని ఇళ్లు చాలా ఉన్నాయి. పాచి దానికి నాలుగు రోజులు కూడా చాలదు. పైగా అది వేసే మలం చూస్తే ఎవరు ఎవరి తొట్టి కడుగుతున్నారో అర్థమవుతుంది. ఆకలేస్తే గోల్డ్‌ఫిష్ ఒంటి మీది జిగురు కూడా గీకి తింటుంది. రాత్రి దీపం ఆర్పాక అడుగుకు దిగే మేత బిళ్లలు, కాస్త ఉడికించిన దోస, గుమ్మడి ముక్కలు వేసి పొద్దున మిగిలింది తీసేయండి. పగలు దాక్కోవడానికి వెడల్పాటి పీవీసీ గొట్టం ముక్క చాలు.

రెడ్‌టెయిల్‌కు బతికున్న గోల్డ్‌ఫిష్‌ను వేసి వేడుక చూసే అలవాటు మానుకోవాలి. జబ్బు దిగుమతి అవుతుంది, పైగా గోల్డ్‌ఫిష్ మాంసంలో బీ1 విటమిన్‌ను విరిచేసే పదార్థం ఉంది. కోడి కార్జం, కొవ్వు మాంసం దాని కాలేయానికి చేటు. అడుగుకు దిగే గుళికలే అసలు మేత, చేప ముక్క, రొయ్య అప్పుడప్పుడు. పెద్దదయ్యాక వారానికి రెండుసార్లు చాలు. నోట్లో పట్టే గులకరాయి, థర్మామీటరు ఏదైనా మింగేస్తుంది కాబట్టి తొట్టి అడుగు ఖాళీగా ఉంచండి. దీనికి పొలుసులు లేవు. తెల్లమచ్చల జబ్బుకు వాడే రాగి మందులు, రంగు మందులు మామూలు చేపల మోతాదులో పోస్తే జబ్బు కంటే ముందు మందే చంపుతుంది.

పెంచలేకపోతే చెరువులో వదిలేయవచ్చా?

వదలకూడదు. కోనేటి చేపలకు బొరుగులు వేసి దండం పెట్టుకునే ఊరు మనది. చంపడం కంటే నీళ్లలో విడవడం పుణ్యమనిపించడం సహజం. కానీ హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లతో తూర్పు కనుమల జలాశయాలను వెతికితే, దాదాపు 60 శాతం చోట్ల ఈ సక్కర్ జాతి కనిపించింది. మన శేషాచలం ఆ కనుమల్లోదే. గాలి మింగి బతుకుతుంది కాబట్టి మురుగులోనూ చావదు. ఒంటి మీద ఎముక పలకలు, రెక్కల్లో ముళ్లు ఉండటంతో వలలు చీలుతాయి. మెక్సికోలోని ఇన్ఫియర్నియో జలాశయంలో ఒకప్పుడు తిలాపియాతో కళకళలాడిన చేపల వేట దీని దెబ్బకు కుదేలైంది. మనకు అంతకంటే దగ్గరి భయం మరొకటుంది. గుడ్లు పెట్టడానికి ఇది గట్టులో మీటరు దాకా బొరియలు తవ్వుతుంది. రాయలసీమ చెరువులు నిలిచేది మట్టికట్టల మీదే.

అంగడికి తిరిగివ్వండి, పెద్ద తొట్టి ఉన్నవాళ్లను వెతకండి. రెండూ కుదరకపోతే లవంగ నూనె కలిపిన నీళ్లలో బాధ లేకుండా నిద్రపుచ్చడం చెరువులో వదలడం కంటే మేలు. కష్టమైన మాటే, కానీ నా అభిప్రాయం ఇదే.

మూడడుగుల తొట్టికి తగిన దక్షిణ అమెరికా మీసాల చేప లేదా అంటే, ఉంది. బ్రిసిల్‌నోజ్ అనే చిన్న సక్కర్ అయిదారంగుళాలు దాటదు. పిల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి సంచిని వెలుతురుకు ఎత్తిపట్టి, చేప వీపు రెక్క విప్పినప్పుడు అందులోని పుల్లలు లెక్కపెట్టండి. ఎనిమిది దాటకపోతే తెచ్చుకోండి, అంతకంటే ఎక్కువుంటే అంగడిలోనే వదిలేయండి.