ఘాట్లు దాటి ఇంటికి: భిలాయి తెలుగువాళ్ల దారి

భిలాయిలో ఎవరిని చిరునామా అడిగినా సగం మంది జి.ఇ. రోడ్డు దగ్గర మొదలుపెడతారు. పూర్తి పేరు గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు. నాగపూర్ నుంచి రాయ్‌పూర్ మీదుగా సంబల్‌పూర్ వైపు సాగే ఈ బాట బ్రిటిష్ కాలం నాటిది. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించేనాటికి ఈ రోడ్డూ, పక్కనే హౌరా–ముంబై రైలు మార్గమూ ఉన్నాయి. ఉక్కు ఊరు వాటిని ఆనుకుని పెరిగింది.

చాలాకాలం జి.ఇ. రోడ్డు జాతీయ రహదారి నంబరు 6. హజీరా నుంచి కోల్‌కతా దాకా దేశాన్ని అడ్డంగా దాటేది. 2010లో నంబర్లు మారాక భిలాయి గుండా వెళ్లేది 53వ జాతీయ రహదారి అయింది. పడమర చివర హజీరా, తూర్పు చివర పారాదీప్ ఓడరేవు. 2022 జూన్‌లో మహారాష్ట్రలోని అమరావతి–అకోలా మధ్య 105 గంటల 33 నిమిషాల్లో 75 కిలోమీటర్ల తారు పరిచి గిన్నిస్ రికార్డు సాధించింది ఈ రోడ్డు మీదే. అదే ఏడాది హజీరాలో ఉక్కు కర్మాగారం నుంచి వచ్చే స్లాగ్‌తో ఆరు వరుసల రోడ్డు వేశారు. కర్మాగారం చిట్టెం రోడ్డుకు పునాది కావడం ఉక్కు ఊళ్లన్నిటికీ పనికొచ్చే కబురు.

అయితే భిలాయి తెలుగువాళ్ల మనసు తూర్పు పడమరల మీద ఉండదు, దక్షిణం మీద ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. వాళ్లకు ఊరు తీసుకెళ్లే రైలు దారి 1931లోనే తయారైన రాయ్‌పూర్–విజయనగరం లైను. రోడ్డు దారి పాత 43వ జాతీయ రహదారి.

ఆ దారి కథ చెప్పుకోదగ్గది. మొత్తం 551 కిలోమీటర్లలో 316 నేటి ఛత్తీస్‌గఢ్‌లో, 152 ఒడిశాలో, 83 ఆంధ్రలో ఉండేవి. రాయ్‌పూర్ దాటాక ధమ్తరి, కాంకేర్ దాకా వరి మడుల మధ్య హాయిగా సాగుతుంది. కాంకేర్ తర్వాత కేశ్‌కాల్ ఘాట్ ఎదురవుతుంది. పన్నెండు మలుపుల ఈ కొండదారిలో ఒక్క లారీ మొరాయిస్తే వెనక బారులు తీరుతాయి. పైకెక్కాక కొండగావ్, జగదల్‌పూర్. అక్కడి నుంచి ఒడిశాలోని జైపూర్, కోరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగితే సాలూరు.

సాలూరంటే లారీల ఊరు. ఘాట్ కింద కూర్చున్న ఈ చిన్న పట్టణంలో లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టేవాళ్లు, టైర్లకు పంక్చర్ వేసేవాళ్లు, అందరి బతుకూ విశాఖ–రాయ్‌పూర్ సరుకు మీద నడిచింది. ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య నిజమైన వంతెన వేసింది ఈ మనుషులే. ఆ శ్రమ చరిత్ర పుస్తకాల్లోకి ఇంకా సరిగా ఎక్కలేదు.

ఇప్పుడు ఆ ఒక్క దారికే మూడు నంబర్లు. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ దాకా 30, బొరిగుమ్మ దాకా 63, అక్కడి నుంచి విజయనగరం వైపు 26. ఈ 30వ నంబరే జగదల్‌పూర్ దగ్గర చీలి కోంటా, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ శివారు ఇబ్రహీంపట్నం చేరుతుంది. భిలాయి నుంచి ఖమ్మం, కృష్ణా వైపు వెళ్లేవాళ్లకు అది దగ్గర దారి. అడవుల్లో అశాంతి వల్ల ఏళ్ల తరబడి జనం రాత్రిపూట దానికి దూరంగా ఉన్నారు.

ఇంతలో పెద్ద మార్పు వస్తోంది. రాయ్‌పూర్–విశాఖపట్నం ఎకనామిక్ కారిడార్ రాయ్‌పూర్ దక్షిణాన అభన్‌పూర్ వైపు మొదలై సబ్బవరం దగ్గర ముగుస్తుంది. ఆరు వరుసలు, సుమారు 465 కిలోమీటర్లు. ఆంధ్ర భాగానికి 2022 నవంబరులో విశాఖలో, ఛత్తీస్‌గఢ్ భాగానికి 2023 జులైలో రాయ్‌పూర్‌లో శంకుస్థాపన జరిగింది. కొండను తొలిచి దాదాపు 2.8 కిలోమీటర్ల సొరంగం, ఉదంతి అభయారణ్యం జంతువులు దాటడానికి 27 మార్గాలు, కోతుల కోసం 17 వంతెనలు ప్రణాళికలో పెట్టారు. రోజంతా పట్టే ప్రయాణం సగానికి తగ్గుతుందని అంచనా. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖ వందే భారత్ కూడా మొదలైంది.

ఇవన్నీ సంతోషించాల్సినవే. కానీ కొత్త రోడ్డు జగదల్‌పూర్‌ను తాకదు. ఎక్కడ పడితే అక్కడ ఎక్కి దిగే వీలూ లేదు. బస్తర్ సంతలకు వెళ్లే బస్సు, ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సు, కోరాపుట్ కూరగాయల వ్యాను పాత దారినే నమ్ముకుని ఉంటాయి. మరమ్మతుల కోసం కేశ్‌కాల్ ఘాట్‌ను మూసినప్పుడల్లా బస్తర్‌కు ఎంత కష్టమో అక్కడి ప్రయాణికులకు తెలుసు. సాలూరు లారీల సంగతీ ఆలోచించాలి. సరుకు ఘాట్ కిందికి రాకుండా పక్కనుంచి వెళ్లిపోతే ఆ ఊరికి వేరే ఆధారం చూపాలి. కారిడార్ పూర్తయ్యాక కూడా పాత ఘాట్ రోడ్ల మరమ్మతుకు ఏటా నిధులు కేటాయించాలని మూడు రాష్ట్రాల ప్రభుత్వాలనూ భిలాయి తెలుగు సంఘాలు ఇప్పుడే అడగాలి.