రోగి ఒక్కరికే తెలియని జబ్బు

రిపోర్టుల కవరు పెద్దకొడుకు చేతిలో ఉంటుంది. తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లగానే అతను డాక్టరుతో అనే మొదటి మాట, ‘‘అమ్మకి మాత్రం చెప్పకండి సార్, తట్టుకోలేదు.’’ ఆ క్షణం నుంచి క్యాన్సర్ ‘చిన్న గడ్డ’ అవుతుంది, కీమోథెరపీ ‘బలానికి ఎక్కించే సెలైన్’ అవుతుంది. రాచపుండు అన్న పేరు ఎత్తడానికే జంకిన ఇళ్లు మనవి. తథాస్తు దేవతలుంటారని చెడ్డమాట నోట రానివ్వం. ఈ దాపరికానికి మూలం ప్రేమేనని ఒప్పుకోవాల్సిందే. అయినా అది తప్పే. తన ఒంటికి ఏమైందో తెలుసుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆ తల్లి. ఆ మాట ఆమెను ఎవరూ అడగడం లేదు.

‘మన సంప్రదాయమే అంత’ అనేవారికి ఆధారం లేకపోలేదు. మరణ సూచనలు కనిపించినా అడగనిదే చెప్పొద్దని, చెబితే హాని జరిగేచోట అడిగినా చెప్పొద్దని చరక సంహిత ఇంద్రియస్థానం వైద్యుడికి చెబుతుంది. మరి పరీక్షిత్తు సంగతేమిటి? ఏడు రోజులే గడువని తెలిసింది కాబట్టే రాజ్యం వదిలి గంగ ఒడ్డున కూర్చుని శుకుడి నోట భాగవతం విన్నాడు. తెలియకపోతే ఆ వారం కూడా వేటలోనో కొలువులోనో గడిచిపోయేది. గోదానం, కాశీయాత్ర, వీలునామా, పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన తమ్ముడికి ఓ కబురు... పెద్దలు చివరి రోజులకు పెట్టుకున్న పనులన్నీ కాలం దగ్గరపడిందని తెలిస్తేనే జరిగేవి. నిజం దాచినవాళ్లు ఆచారాన్ని కాపాడామనుకుంటూనే, ఆ ఆచారం తీర్చమన్న పనులకు సమయం లేకుండా చేస్తున్నారు.

చట్టం కూడా రోగి మాటకే విలువిస్తోంది. మత్తులో ఉన్న 44 ఏళ్ల మహిళకు ఆమె తల్లి సమ్మతితో గర్భాశయం, అండాశయాలు తొలగించిన కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చాక రోగే నిర్ణయించుకోగలిగినప్పుడు, కన్నతల్లి సమ్మతి కూడా చెల్లదంది. కోలుకునే ఆశ లేని దశలో వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో గుర్తించింది. ఆ పత్రానికి నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలని 2023లో సులభం చేసింది. తనకున్నది ‘చిన్న గడ్డ’ అనుకునే మనిషి ఆ పత్రం ఎందుకు రాస్తుంది?

తెలిస్తే కుంగిపోతారన్న భయం నిజమైనదే. మొదటి రోజులు కష్టంగానే గడుస్తాయి. కానీ ఆసుపత్రి బోర్డు మీద ‘క్యాన్సర్’ అని అంత పెద్ద అక్షరాలున్నప్పుడు, దువ్వెన నిండా జుట్టు వస్తున్నప్పుడు, తను రాగానే గదిలో మాటలు ఆగిపోతున్నప్పుడు ఎవరికైనా అనుమానం రాకుండా ఉంటుందా? పిల్లలు బాధపడతారని ఆమె, ఆమె బాధపడుతుందని పిల్లలు నటిస్తూ, ఒకే ఇంట్లో ఎవరి ఏడుపు వాళ్లే ఏడుస్తుంటారు. నిజంగానే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లూ ఉంటారు. ‘నాకేం చెప్పొద్దు, మా అబ్బాయితో మాట్లాడండి’ అంటే అలాగే చేయాలి, అది కూడా ఆమె నిర్ణయమే.

అందుకే పరీక్షలకు తీసుకెళ్లేటప్పుడే, ఫలితం రాకముందే, ఒక్క మాట అడగండి: ‘‘అమ్మా, డాక్టరు గారిని ఏదైనా ఉంటే నీకే చెప్పమననా, నాకు చెప్పమననా?’’