ఐదు మీటర్ల దాగుడుమూతలు

ఆదివారం పిల్లలు ఇంట్లో ఉంటే పెద్దవాళ్లకు రెండే దారులు. వాళ్లు ఫోన్లలో తలదూర్చి కూచుంటే గొణుక్కుంటూ తిరగడం ఒకటి. ఆ ఫోన్లు చేతికిచ్చి వాళ్లను చేన్లలోకి తోలడం రెండోది. నాకు రెండోదే నచ్చింది. మాది కేసముద్రం. ఊరు దాటితే పత్తి, మక్క, మిర్చి చేన్లు; నడుమ ఒర్రెలు, గట్లు, చింతచెట్లు. దాగుడుమూతలకు చోటుకేం కొదువ?

ఇక్కడ దాక్కునేది మనిషి కాదు, డబ్బా. మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో ఒక నోటుబుక్కు, పెన్సిలు, నాలుగు గోళీలు, ఒక బొంగరం పెట్టి మన చేను గట్టున ఎక్కడో దాస్తాను. పిల్లల చేతికి రెండు అంకెలున్న చీటీ ఇస్తాను. ఆ అంకెలు ఫోన్లో కొట్టి, అది చూపించిన దిక్కుకు నడవడమే వాళ్ల పని. డబ్బా దొరికినవాళ్లు నోటుబుక్కులో పేరు, తేదీ రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే దానికి తక్కువ కానిది ఇంకోటి పెట్టాలి. మళ్లీ ఉన్నచోటనే, ఉన్నట్టే దాచి రావాలి. ఈ ఆటను లోకమంతా జియోకాషింగ్ అంటున్నారు. భూమ్మీద ముప్పై లక్షలకు పైగా డబ్బాలు ఇట్లా దాగి ఉన్నాయి.

ఆట మొదలైన అరగంటకు ఏదో ఒక గొంతు వినబడక తప్పదు.

“తాతా, ఫోను వచ్చేశారు అంటున్నది. డబ్బా ఏది మరి? అబద్ధం చెప్తున్నదా ఇది?”

అబద్ధం కాదు బిడ్డా, దానికి తెలిసింది అంతవరకే. ఎంతవరకు తెలుసు, ఎట్లా తెలుసు అన్నదే ఇయ్యాల్టి ముచ్చట. గట్టున కూచోండి, చెప్తా.

ముందు రైలు సంగతి చూడండి. మన కాజీపేట–విజయవాడ లైన్లో ఏ చోటు చెప్పాలన్నా ఒక్క లెక్క చాలు. పట్టాల పక్కన కరెంటు స్తంభాల మీద కిలోమీటరు అంకె, దానికింద ఆ కిలోమీటరులో స్తంభం వరుస అంకె రాసి ఉంటాయి. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, గుర్తుందా? రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అట్లాంటప్పుడు బాగుచేసేవాళ్లకు ఏ చెట్టు పక్కన, ఏ చెరువు కింద అని గుర్తులు చెప్పే పని లేదు. కిలోమీటరు అంకె చెప్తే నేరుగా అక్కడికే వస్తారు. రైలు గీత మీద నడిచేది. ముందుకో వెనక్కో తప్ప పక్కకు పోదు. అందుకే ఒక్క అంకె సరిపోతుంది.

చేను అట్లా కాదు. ముందువెనకలున్నాయి, కుడిఎడమలున్నాయి. ఇక్కడ రెండంకెలు కావాలి. భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి ఎంత అన్నది అక్షాంశం, ఇంగ్లండులోని గ్రీనిచ్ నుంచి తూర్పుకు ఎంత అన్నది రేఖాంశం. మన ఊరు సుమారు 17 డిగ్రీల 41 నిమిషాల ఉత్తరం, 79 డిగ్రీల 54 నిమిషాల తూర్పు. మీ చీటీలో నిమిషాల తర్వాత చుక్క పెట్టి ఇంకో మూడంకెలు ఉంటాయి చూశారా? ఉత్తర దిక్కులో ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. అందులో అరవయ్యో వంతు, ఒక నిమిషం, 1,850 మీటర్లు. చుక్క తర్వాత మూడో అంకె ఒకటి మారితే చోటు మారేది 1.85 మీటర్లు. అంటే ఆ చివరి అంకె మీరు వేసే రెండు మూడు అడుగుల లెక్క. కాగితం మీద అంకె తప్పు దింపుకుంటే పక్కోళ్ల చేన్లో వెతుకుతారు, జాగ్రత్త.

ఉపగ్రహాలు లేనప్పుడు ఈ రెండంకెల కోసం మనుషులు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణాల సర్వే మెల్లగా మన హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 1818లో ఆయన దగ్గర చేరిన కుర్ర అధికారి మరుసటి ఏడాది కృష్ణా, గోదావరి నడిమి అడవుల్లో కొలతలకు దిగాడు. వానాకాలం అడవి జ్వరం ఆయననూ, వెంట వచ్చినవాళ్లనూ పట్టుకుంది. కోలుకోవడానికి ఆయన 1820లో ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న కేప్‌కు ఓడెక్కాల్సి వచ్చింది. ఆయన పేరు జార్జ్ ఎవరెస్ట్. ఎత్తైన కొండకు ఆ పేరు పెట్టింది తర్వాత 1865లో. మన వైపు జ్వరమొచ్చి పడుకున్న మనిషి పేరే అది.

మీ ఫోను ఎక్కడికీ పోకుండానే ఆ రెండంకెలు చెప్తున్నది. ఎట్లా?

వానాకాలం రాత్రి మెరుపు మెరిస్తే మీరు ఏం చేస్తారు? ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. ఉరుము వినబడేసరికి ఆరు సెకన్లయితే పిడుగు రెండు కిలోమీటర్ల దూరంలో పడిందని తెలుస్తుంది, ఎందుకంటే శబ్దం మూడు సెకన్లకు దాదాపు ఒక కిలోమీటరు నడుస్తుంది. దూరం కొలవడానికి టేపు పట్టుకుని ఎవరూ పోలేదు. ఎంతసేపు పట్టిందో చూసి ఎంత దూరమో చెప్పారు. ఫోను చేసే పని కూడా సరిగ్గా ఇదే.

అమెరికావాళ్ల జీపీఎస్ ఉపగ్రహాలు ముప్పై దాకా, 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కోటి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంది. “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత” అని అవి ఎప్పుడూ చెప్తూనే ఉంటాయి. ఫోను వింటుంది, అంతే. పైకి ఏమీ పంపదు. ఆ రేడియో కబురు వెలుగు వేగంతో, సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు వస్తుంది. నెత్తి మీదున్న ఉపగ్రహం నుంచి ఇక్కడికి చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. చేరిన టైములోంచి బయలుదేరిన టైము తీసేసి, ఆ వేగంతో గుణిస్తే దూరం వచ్చేసింది.

ఇగ లెక్క కట్టండి. పట్టాల మీద ఒక అంకె, చేన్లో రెండు. ఎత్తు కూడా తెలియాలంటే మూడు. మూడు తెలియని అంకెలకు మూడు ఉపగ్రహాల దూరాలు చాలాలి కదా? చాలవు, నాలుగు కావాలి. ఎందుకో ఎవరన్నా చెప్తారా?

పెద్దోడు బుర్ర గోక్కుంటాడు. చిన్నది మాత్రం అడుగుతుంది: “తాతా, ఫోన్ గడియారం తప్పైతే?”

అదే అసలు సంగతి! ఉపగ్రహంలో ఉన్నది అణుగడియారం. ఫోనులో ఉన్నది చేతిగడియారంలో ఉండే క్వార్ట్జ్ ముక్క. అది సెకనులో పదిలక్షలో వంతు తప్పినా దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. ఫోనుకు అణుగడియారం పెట్టాలంటే మనం కొనలేం. అందుకని ఇంజినీర్లు ఉపాయం చేశారు. “నా గడియారం ఎంత తప్పు?” అన్నదాన్ని కూడా తెలియని నాలుగో అంకె చేసుకున్నారు. నాలుగో ఉపగ్రహం కబురుతో ఆ లెక్క తేలుతుంది. చోటు తెలిసేసరికి అసలైన టైము కూడా దానంతటదే తెలిసిపోతుంది. చోటు కొలవడమంటే కాలం కొలవడమే బిడ్డా, రెండూ వేర్వేరు పనులు కావు.

ఇంకో తమాషా. పైనున్న గడియారాలు కిందున్న వాటికంటే రోజుకు సెకనులో పదిలక్షలో 38 వంతులు ముందుకు నడుస్తాయి. వేగంగా పోతున్నందుకు 7 వంతులు వెనక పడతాయి. భూమి గుంజుడు అక్కడ తక్కువ కాబట్టి 45 వంతులు ముందుకు పోతాయి. ఈ రెండూ ఐన్‌స్టీన్ చెప్పినవే. పట్టించుకోకుండా వదిలేస్తే దూరం లెక్కలో రోజుకు 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. అందుకే పైకి పంపే ముందే ఆ గడియారాలను ఆ మేరకు నిదానం చేసి పంపుతారు.

గడియారం పోతే ఉపగ్రహం ఉండీ లేనట్టే. ఈ సంగతి మనవాళ్లకు అనుభవమే. ఇస్రో సొంతంగా నావిక్ అనే ఏర్పాటు చేసుకుంది. మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పంపారు. దానిలో విదేశం నుంచి తెచ్చిన మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. ఉపగ్రహం తిరుగుతూనే ఉంది గాని చోటు చెప్పే పనికి పనికిరాలేదు. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం పెట్టారు.

ఇప్పుడు ఆట దగ్గరికి వద్దాం. జీపీఎస్ చాలాకాలంగా ఉన్నా ఈ ఆట 2000 మే నెలలోనే ఎందుకు పుట్టింది? అప్పటిదాకా అమెరికా సైన్యం మామూలు జనానికి వచ్చే కబురులో కావాలని తప్పు కలిపేది. ఆ తప్పు 100 మీటర్ల దాకా ఉండేది. 2000 మే 1 రాత్రి అధ్యక్షుడు క్లింటన్ మాట మీద దాన్ని ఆపేశారు. రెండు రోజులకు, మే 3న, ఆరిగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన నల్ల ప్లాస్టిక్ బకెట్టులో పుస్తకాలు, క్యాసెట్లు, ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా పెట్టి అడవి అంచున దాచి, అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఏదన్నా తీసుకోండి, ఏదన్నా పెట్టండి అన్న నియమం ఆయనదే. కొద్దిరోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన దాన్ని పట్టుకున్నాడు. ఆ సెప్టెంబర్‌లో సియాటిల్ కుర్రాడు జెరెమీ ఐరిష్ ఈ డబ్బాల జాబితాకు వెబ్‌సైటు పెట్టాడు. ఇయ్యాల సియాటిల్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. మీ వాళ్లెవరన్నా ఉంటే అడగండి, ఇంటి పక్క పార్కులోనే ఒక డబ్బా ఉండొచ్చు. 2008లో అంతరిక్ష కేంద్రానికి పోయిన రిచర్డ్ గ్యారియట్ అక్కడా ఒకటి పెట్టి వచ్చాడు.

తప్పు తగ్గితే ఏం మారిందో మన భూమి లెక్కల్లో చూడండి. 100 మీటర్ల తప్పంటే 100 మీటర్ల వ్యాసార్ధమున్న వలయంలో ఎక్కడన్నా ఉండొచ్చని అర్థం. అది ఏడెకరాల ముప్పై గుంటలు. అంత పత్తి చేన్లో అరచేతి డబ్బా వెతకమంటే ఒక్కరన్నా వస్తారా? ఇప్పుడు ఆకాశం తేటగా కనబడేచోట ఫోను తప్పు 5 మీటర్ల లోపే. ఆ వలయం ముప్పావు గుంట. తప్పు ఇరవయ్యో వంతైతే వెతికే జాగా నాలుగు వందలో వంతైంది.

మరి తప్పు ఇంకా తగ్గితే మేలు కదా అంటాడు పెద్దోడు. భూమి సర్వేకు వచ్చేవాళ్ల రోవర్లు సెంటీమీటర్లలో చెప్తాయి. గట్టు తగాదాలకు అది మంచిదే. ఆటకు మాత్రం చేటు. పోయి చెయ్యి పెడితే డబ్బా దొరుకుతుంటే ఇగ వెతికేదేముంది? ఏడెకరాలైతే విసుగు, సెంటీమీటరైతే చప్పన. ముప్పావు గుంట దగ్గర ఆట కుదిరింది. ఉపగ్రహాలు ఆ వలయం దాకా తెచ్చి వదిలేస్తాయి. ఆ తర్వాత పని మీ కళ్లది.

ఆ కళ్లకు కొన్ని కిటుకులు. చింతచెట్టు కింద నిలబడి ఫోను చూడకండి. ఆకులు కబురును బలహీనం చేస్తాయి. గోడ పక్కన అది తాకి తిరిగొచ్చి దూరం ఎక్కువ చూపిస్తుంది. బయట తేటగా ఉన్నచోట నిలబడి, దిక్కు చూసుకుని, అప్పుడు చెట్టు దగ్గరికి పొండి. తర్వాత ఫోను జేబులో పెట్టండి. వానకు జారిన గట్టు మీద రాయి కింద గడ్డి పచ్చగా ఉందా, పాలిపోయి ఉందా? పాలిపోలేదంటే ఆ రాయిని ఈమధ్యే ఎవరో అక్కడ పెట్టారు. పుట్టలో, బొరియలో మాత్రం చెయ్యి పెట్టొద్దు, కర్రతో కదపండి.

దాచేటప్పుడు కూడా పద్ధతి ఉంది. డబ్బాను మట్టిలో పూడ్చొద్దు. తిండి వస్తువులు పెట్టొద్దు, చీమలు కుక్కలు ఊరుకోవు. పట్టాల దగ్గర, స్టేషన్‌లో, గుడి దగ్గర, మంది తిరిగేచోట అసలే వద్దు. దిక్కులేని డబ్బా కనబడితే పోలీసులు వస్తారు. మన చేను, లేకుంటే అడిగి ఒప్పుకున్నవాళ్ల చేను, అంతే.

రామప్ప, పాకాల, బయ్యారం పోయినప్పుడు డబ్బా లేకుండానే ఆడొచ్చు. జియోకాషింగ్‌లోనే ఈ రకం కూడా ఉంది. అంకెలు ఇస్తారు, అక్కడికి పోయి చూస్తే తప్ప చెప్పలేని ప్రశ్న ఒకటి ఇస్తారు. రామప్ప గుడి 1213 నాటిది. దాని అడుగు వరుసలో ఏనుగులు బారులు తీరి ఉంటాయి, వాటిలో పక్కదానికంటే వేరుగా ఉన్నదాన్ని పట్టుకోమనొచ్చు. బయ్యారం చెరువు గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. అలుగు నీళ్లు ఏ దిక్కుకు పోతాయో చూసి రమ్మనొచ్చు. పిల్లలు ఊరికే సెల్ఫీ దిగి వచ్చేయరు, తిరిగి చూస్తారు.

చివరికి మీకో పందెం. ఫోను లేకుండా రేఖాంశం చెప్పాలి. డిసెంబర్ 25న బడికి సెలవే. వాకిట్లో నిటారుగా కర్ర పాతి, దాని చుట్టూ సుద్దతో వలయం గీయండి. పొద్దున నీడ కొస ఆ వలయాన్ని తాకిన టైము రాసుకోండి. మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకిన టైము రాసుకోండి. రెండింటి సరిగ్గా నడిమి టైమే మన ఊరి అసలు మధ్యాహ్నం. ఆ రోజుల్లో అది గడియారంలో 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో వస్తుంది, ఎందుకంటే దేశమంతటి గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి పెట్టి ఉంది, మనం దానికి పడమరన ఉన్నాం. సూర్యుడు ఒక డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు తీసుకుంటాడు. ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో 4తో భాగించి 82.5లోంచి తీసేయండి, అది మన రేఖాంశం.

ఒక్క నిమిషం తప్పు రాశారో, 26 కిలోమీటర్లు పక్కకు పోయి మహబూబాబాద్ అవతల పడతారు. ఎవరి లెక్క కేసముద్రానికి దగ్గరగా వస్తే తర్వాతి డబ్బా వాళ్లు దాస్తారు, నేను వెతుకుతా.