ప్లగ్-ఇన్ కార్లు: బండ్ల లెక్క వేరు, లిథియం లెక్క వేరు

చైనాలో నెలనెలా వెలువడే కార్ల అమ్మకాల అంకె కోసం లిథియం వర్తకులు కాచుకుని ఉంటారు. అంకె పెరిగితే కొనుగోళ్లు ఊపందుకుంటాయి, తగ్గితే బజారు నీరసిస్తుంది. అయితే ఆ అంకెలో ఒక తిరకాసు ఉన్నది. పూర్తిగా కరెంటుతో నడిచే కార్లనూ, కరెంటు, పెట్రోలు రెండింటితోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లనూ ‘నవ ఇంధన వాహనాలు’ అనే ఒకే పద్దు కింద కలిపి చూపుతారు. మొదటి రకంలో 60 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉంటే, రెండో రకంలో ఎనిమిది యూనిట్లదే ఉండవచ్చు. (ఈ యూనిట్ కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే.) బండ్లు లెక్కపెట్టి లిథియం కొనడమంటే, గుంటూరు యార్డులో కాటా పెట్టకుండా టిక్కీలు లెక్కపెట్టి మిర్చికి ధర కట్టడం వంటిది.

ఈ తేడా చిన్నది కాదు. చైనాకు చెందిన బీవైడీ కంపెనీ 2024లో 42 లక్షలకు పైగా బండ్లు అమ్మగా, అందులో సుమారు 25 లక్షలు ప్లగ్-ఇన్‌లే. ఒక పెద్ద విద్యుత్ కారుకు పట్టే ఖనిజాలతో ఆరు ప్లగ్-ఇన్‌లు గాని, 90 మామూలు హైబ్రిడ్‌లు గాని తయారవుతాయని టొయోటా కంపెనీ 2023లో లెక్క వేసి చూపింది. హైబ్రిడ్‌ల వ్యాపారి వేసిన లెక్క కనుక కొంత తరుగు తీసినా, దామాషా మాత్రం గమనించదగినది.

మామూలు హైబ్రిడ్‌కు ప్లగ్గు ఉండదు; నడకలో పుట్టిన కరెంటునే దాచుకుని వాడుకుంటుంది. ప్లగ్-ఇన్‌ను ఇంటివద్ద ప్లగ్గులో పెట్టి చార్జి చేసుకోవాలి. అది అయిపోయేదాకా కరెంటుతో, ఆపైన పెట్రోలుతో నడుస్తుంది. బీవైడీ 2008 డిసెంబరులో ఎఫ్3డీఎం అనే కారును, అమెరికాలో జనరల్ మోటార్స్ 2010 చివర వోల్ట్ కారును బజారులో పెట్టాయి. వోల్ట్ బ్యాటరీ 16 యూనిట్లది. అమెరికా చట్టం ప్రకారం 7,500 డాలర్ల పూర్తి రాయితీ దక్కేదీ సరిగ్గా 16 యూనిట్ల దగ్గరే. ఇది కాకతాళీయమని నమ్మడం కష్టం.

నిజానికి ఈ సరుకు ఎక్కడ అమ్ముడైనా పన్నుల పట్టికను బట్టే అమ్ముడైనది. నెదర్లాండ్స్‌లో కంపెనీలు ఉద్యోగులకిచ్చే కార్లపై పన్ను 2013లో ప్లగ్-ఇన్‌లకు సున్నాగా ఉండటంతో మిత్సుబిషి అవుట్‌లాండర్‌కు విపరీతమైన గిరాకీ వచ్చింది. 2014 నుంచి మెట్టుమెట్టుగా పెంచి 2017లో సాధారణ కార్లతో సమానం చేయగానే గిరాకీ పడిపోయింది. పెట్రోలు ఖర్చు కంపెనీదైనప్పుడు రాత్రిపూట ప్లగ్గు పెట్టే ఓపిక ఎవరికుంటుంది? 2022లో వెలువడిన ఒక యూరపు పరిశీలన ప్రకారం సొంత కార్లు 45 నుంచి 49 శాతం దూరం కరెంటుతో నడవగా, కంపెనీ కార్లు 11 నుంచి 15 శాతమే నడిచాయి. పెట్రోలు గిరాకీ తగ్గుతుందని ముందే లెక్క కట్టుకున్నవారు ఇది చూసుకోవలసి ఉన్నది.

ఇప్పుడు అసలు విషయం. 2024 ఫిబ్రవరిలో బీవైడీ తన చిన్న్ ప్లస్ ప్లగ్-ఇన్ ధరను 79,800 యువాన్లకు, అంటే సుమారు 9 లక్షల రూపాయలకు దించింది. బ్యాటరీ 8.3 యూనిట్లది. అదే దేశంలో 2022లో వచ్చిన లీ ఆటో ఎల్9లో 44.5 యూనిట్ల బ్యాటరీ ఉన్నది. కొనేవారికి ఈ రెండు కొసల మధ్య కావలసినన్ని రకాలు దొరుకుతాయి. ఏ రకం కదిలినా పద్దులో పడేది ‘ఒక బండి’ అనే.

ఇక పన్ను. చైనాలో కారు కొంటే చెల్లించవలసిన 10 శాతం కొనుగోలు పన్ను ఈ కార్లకు 2025 ఆఖరు వరకు పూర్తిగా మాఫీ అయింది. 2026, 2027 సంవత్సరాలకు మాఫీ సగమే. పైగా ప్లగ్-ఇన్‌లు కరెంటుతోనే కనీసం 100 కిలోమీటర్లు నడవాలని షరతు విధించారు. అంతకుముందు 43 కిలోమీటర్లు నడిస్తే చాలేది. దీంతో చిన్న బ్యాటరీ బండి కొనేవారు, కారు ధర 80 వేల యువాన్లయితే, సుమారు 7 వేలు పన్ను కట్టాలి. పెద్ద బ్యాటరీదైతే అందులో సగం, అంటే 3,500 మిగులుతాయి.

ఆ మిగులు మరో పది యూనిట్ల బ్యాటరీకి సరిపోతుందా? యూనిట్‌కు సుమారు 600 గ్రాముల లిథియం కార్బనేటు చొప్పున పది యూనిట్లకు 6 కిలోలు పడుతుంది. 2022 నవంబరులో టన్ను ధర 6 లక్షల యువాన్ల దరిదాపుల్లో ఉన్నది. ఆ ధరకు లిథియం ఒక్కటే 3,600 యువాన్లు. పన్నులో మిగిలినదంతా దానికే సరి. 2025 మధ్యకు టన్ను 60 వేలకు పడిపోయింది. అప్పటి ధరకు అదే లిథియం 360 యువాన్లు. అంటే పెద్ద బ్యాటరీ బేరం లిథియం అగ్గువగా ఉన్నంతకాలమే సులువు. 2025 చివరి నెలల్లో ధర మళ్లీ తేరుకున్నది.

లక్ష మంది కొనుగోలుదారులు 8 యూనిట్ల రకం వదిలి 18 యూనిట్ల రకానికి మారారనుకుందాం. బండ్ల అంకె మారదు. లిథియం కార్బనేటు మాత్రం 600 టన్నులు అదనంగా కావాలి. స్టాకిస్టులు కనిపెట్టవలసినది ఈ మార్పునే. చౌక రకాల్లో వాడే ఇనుము-ఫాస్ఫేటు బ్యాటరీలో నికెల్, కోబాల్టు ఉండవు గనుక ఆ లోహాల వర్తకులకు ఇందులో ఒరిగేది తక్కువ.

రాగి, పల్లాడియం సంగతి వేరు. పెట్రోలు కారుకు 20 కిలోల పైచిలుకు రాగి పడితే ప్లగ్-ఇన్‌కు సుమారు 60 కిలోలు పడుతుంది. పొగగొట్టం ఉన్నది గనుక పొగను శుద్ధిచేసే పరికరమూ, అందులోకి పల్లాడియమూ కావాలి. పూర్తి విద్యుత్ కారులో ఆ గిరాకీ ఉండదు. యూరపు సమాజం 2024 అక్టోబరులో చైనా విద్యుత్ కార్లపై అదనపు సుంకం వేసినా ప్లగ్-ఇన్‌లను అందులో చేర్చలేదు. బీవైడీ సరుకు ఆ దారిన యూరపు చేరుతున్నది. అమెరికాలో కొనుగోలు రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది.

మన దేశంలో ఎంచుకోవడానికి దాదాపు ఏమీ లేదు. 2016లో వచ్చిన వోల్వో ఎక్స్‌సీ90, 2022లో 2.60 కోట్ల ధరతో వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్ఎం వంటి కోటీశ్వరుల బండ్లే ప్లగ్-ఇన్‌లుగా వచ్చాయి. విద్యుత్ కారుపై జీఎస్టీ 5 శాతం; పెద్ద హైబ్రిడ్‌పై సెస్సుతో కలిపి 43 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలైలో హైబ్రిడ్‌లకూ, ప్లగ్-ఇన్‌లకూ రిజిస్ట్రేషను పన్ను ఎత్తివేసింది. అందువల్ల బాగుపడినది ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా వంటి ప్లగ్గు లేని హైబ్రిడ్‌లే. ప్లగ్-ఇన్‌లు షోరూములో ఉంటే కదా!