కొండమీది సైకిలు బాట

విద్యార్థులారా! సైకిలు పందెమనగానే నున్నని రోడ్డుమీద వాయువేగమున సాగిపోవు వాహనములు మీ మనస్సునకు తోచును. కాని కొండలమీదను, రాళ్ల నడుమను, చెట్లవేళ్ల మీదుగను జరుగు పందెములును కలవు. 1976వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కొందరు యువకులు పాత సైకిళ్లపై ఒక కొండదారిని దిగుచు పోటీపడిరి. ఆ దారి మిక్కిలి నిటారైనది. క్రిందికి చేరునప్పటికి బ్రేకు వేడిమికి ఇరుసులోని కందెన పొగయై పోయెడిది. మరల కందెన కూర్చినగాని సైకిలు పనికి వచ్చెడిది కాదు. ఇరువది యేండ్లకు, 1996లో, అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండ సైకిలు పందెమునకు స్థానము లభించెను.

గెలిచినవానిని లోకమంతయు కొనియాడును. బాట వేసినవానిని తలచువారు అరుదు. అతని శ్రమ యెట్టిదో తెలిసికొందము.

మొదట అతడు కొండనంతయు కాలినడకన పలుమారులు తిరుగును. నీరు ఎక్కడ నిలుచునో, ఎటు పారునో గమనించును. ఏలయన, బాటకు పరమశత్రువు నీరే. నీరు జారు త్రోవననే బాటను తిన్నగా దింపినచో, చక్రములు గీసిన గాడియే కాలువయగును. కొన్ని వానలకే మన్ను కొట్టుకొనిపోయి రాళ్లును వేళ్లును మిగులును. వానకు గట్టు తెగిన పొలమును చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున బాటను కొండ ప్రక్కగా ఏటవాలుగ నడపుదురు. దీనికొక సూత్రము కలదు. బాట వాలు కొండవాలులో సగమునకు మించరాదు. కొండ నూఱు మీటర్లకు ఇరువది మీటర్లు లేచినచో, బాట నూఱు మీటర్లకు పది మీటర్లకంటె ఎక్కువ లేవరాదు. బాట అంచు లోయవైపునకు ఇంచుక వంగియుండవలెను. అప్పుడు నీరు బాటవెంట పారక అడ్డముగ జారిపోవును. నడుమనడుమ బాటను కొంచెము దింపి మరల ఎక్కింతురు. ఆ పల్లములకడ నీరు బయటికి పోవును.

దారి నిశ్చయమైన పిమ్మట చిన్న జెండాలు నాటి త్రవ్వకము మొదలిడుదురు. ఆకులును చివికిన పైమన్నును నీటిని పీల్చుకొని మెత్తబడును గనుక వానిని తొలగించి, గట్టినేల కనబడువరకు గడ్డపారలతో, పారలతో త్రవ్వి, దిమ్మిసతో కొట్టుదురు. తడినేలలో బండలను ఒకదానినొకటి పట్టియుండునట్లు పొదుగుదురు. యంత్రము పోలేని చోట ప్రతి రాయిని మనుష్యులే మోయవలెను. ఇంతయు ముగిసినను పని తీఱదు. సైకిలు నెక్కి బాటను పరీక్షించి, ప్రమాదకరమైన మలుపులను సరిదిద్దుదురు. మిక్కిలి కఠినమైనచోట ప్రక్కనే సులభమైన రెండవ త్రోవ నేర్పఱతురు. అది దూరము, కాలము పోవును గాని ప్రాణభయము తగ్గును.

2024లో పారిస్ ఒలింపిక్ పందెము ఎలాంకూర్ కొండపై జరిగెను. పూర్వమది రాతి గని. గోతులను మన్నుతోను, కట్టడముల శిథిలములతోను నింపగా 231 మీటర్ల యెత్తు గలిగి, ఆ ప్రాంతమున కెల్ల ఉన్నతస్థానమైనది. దక్షిణాఫ్రికా దేశీయుడైన నిక్ ఫ్లోరోస్ దానిపై బాటను రూపొందించెను. పురుషుల పందెమున ఆంగ్లేయుడైన టామ్ పిడ్‌కాక్ చక్రము నడుమ గాలిపోయి వెనుకబడెను. అయినను అధైర్యపడక ముందువారిని ఒక్కొక్కరిని దాటుచు వచ్చెను. కడపటి చుట్టులో బాట ఒక చెట్టుకు ఇరువైపుల చీలినది. ముందుపోవుచున్న ఫ్రెంచి వీరుడొక ప్రక్క పోగా, పిడ్‌కాక్ రెండవ ప్రక్క దూసికొనిపోయి, అతనిని దాటి స్వర్ణపతకమును గెలుచుకొనెను.

చూచితిరా! వీరుని సాహసమునకు ఆ చీలిక తావిచ్చెను. బాట మంచిదైనచో దానిని వేసినవాని చెమట ఎవరికిని కనబడదు. చెడినప్పుడే అందఱును అతనిని తలతురు. మీరు నడచు ప్రతి దారియు ఎవరో ఒకరు వంగి త్రవ్వినదే యని మఱవకుడు.